పొన్నంకి పిట్ట నుండి కలివికోడి దాకా: తెలుగునాట వేసవి నడకల చరిత్ర

చరిత్ర అనగానే మనకు శాసనాలు, నాణేలు, కోటలు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. ఊరి చెరువుగట్టు మీద అరిచే పిట్టకు, పెరటి కరివేపచెట్టు చుట్టూ తిరిగే సీతాకోకచిలుకకు కూడ ఒక చరిత్ర ఉంటుందని సాధారణంగా ఎవరూ అనుకోరు. అయితే ఈ జీవులను మనుషులు ఎప్పుడు, ఎవరి సాయంతో గమనించారు, వాటికి ఏ పేర్లు పెట్టుకున్నారు, ఆ పేర్లలో ఏవి గ్రంథాలకెక్కాయి, ఏవి నోటిమాటగానే మిగిలాయి అన్నవి చరిత్రకారుడు పట్టించుకోదగిన ప్రశ్నలే. తెలుగునేలకు సంబంధించినంతవరకు ఈ కథ లిఖితరూపంలోనే మూడు వందల సంవత్సరాలకు పైబడినది. రెండు పక్షుల పేర్లు దానికి రెండు కొసల వంటివి. ఒకటి, తెలుగు నోటి నుండి బయలుదేరి ప్రపంచ శాస్త్ర పరిభాషలో స్థిరపడిన పేరు. రెండవది, శాస్త్రజ్ఞులు ఎనభై ఆరేళ్లపాటు ఒక పక్షి జాడను పోగొట్టుకున్న కాలంలో కూడ పల్లెవాసుల నాలుకపై నిలిచి ఉన్న పేరు. ఈ రెండు కొసల నడుమ నడిచి చూస్తే, వేసవి ఉదయాన పొలాల వెంట, బీళ్ల వెంట తిరిగి వచ్చే సామాన్యుని నడకకు ఎంత విలువ ఉన్నదో అర్థమవుతుంది.

పరికించే చూపు

ప్రకృతిని నిదానించి చూడటం పాశ్చాత్యులు వచ్చి మనకు నేర్పిన విద్య కాదు. మొగలు చక్రవర్తి జహంగీరు (పాలన 1605–1627) తాను పెంచిన ఒక సారస పక్షుల జంట గూడు కట్టుకున్న తీరును, రెండూ వంతులవారీగా గుడ్లు పొదిగిన విధానాన్ని తన స్వీయచరిత్రలో శ్రద్ధగా నమోదు చేశాడు. ఆయన ఆస్థాన చిత్రకారుడు మన్సూరు వేసిన పక్షుల చిత్రాలలోని నైశిత్యాన్ని నేటి పక్షి శాస్త్రజ్ఞులు కూడ మెచ్చుకుంటారు.

అంతకు దాదాపు శతాబ్దం పూర్వమే శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో ఋతువులను వర్ణించిన తీరు, పొలంగట్లపై నడిచి చూచినవాడు మాత్రమే వర్ణించగల తీరు. వేకువజామున కాలువ ఒడ్డున ముక్కులు రెక్కల్లో దోపుకొని నిద్రించే బాతులను చూచి, స్నానానికి వచ్చినవారు మరచిపోయిన తడిబట్టలని తలారులు భ్రమపడటం, వాటిని తీయబోగా అవి లేచి పరుగెత్తటం, వరిచేల కావలి స్త్రీలు నవ్వుకోవటం తెలుగు పాఠకులు ఎరిగిన చిత్రమే. నిద్రలో బాతు మెడను ఎట్లా మడుచుకుంటుందో కంటితో చూడనిదే ఆ కల్పన పుట్టదు.

అయినా కవుల ప్రయోజనం వేరు. కోకిల, చకోరం, చాతకం, హంస వారికి కావ్యసంకేతాలు. పల్లెలో వందల కొద్దీ పిట్టలకు ఉన్న వాడుక పేర్లు కావ్యాలకంటె ఎక్కువగా వేటగాళ్లు, గొర్రెల కాపరులు, యానాదులు, చెంచులు వంటి అడవిబిడ్డల వద్ద పదిలంగా ఉండేవి. ఏ పిట్ట ఏ నెలలో ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఏ కూత దేనికి గుర్తో తెలియటం వారికి కాలక్షేపం కాదు, జీవనాధారం. ఆ జ్ఞానమంతా అలిఖితంగానే ఉండిపోయింది. అందులో కొంత భాగం కాగితం మీదికి ఎక్కిన తీరే మన తరువాతి కథ.

లండను చేరిన తెలుగు మాట

పదునెనిమిదవ శతాబ్ది తొలినాళ్లలో మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో ఎడ్వర్డ్ బక్లీ అనే కుంఫిణీ వైద్యుడు ఉండేవాడు. ఆయన ఆ పరిసరాల పక్షుల బొమ్మలను స్థానిక నామాలతోసహా లండనులోని జేమ్స్ పెటివర్ అనే ఔషధ విక్రేతకు పంపాడు. పెటివర్ వాటిని వివరించగా, ఆ వివరణ జాన్ రే అనే ప్రసిద్ధ ప్రకృతి శాస్త్రజ్ఞుని పక్షి గ్రంథానికి అనుబంధంగా 1713లో వెలువడింది. అందులో ఒక పక్షికి ఇచ్చిన పేరు ‘పొన్నంకి పిట్ట’. తెలుగు మాట తెలుగు మాటగానే లాటిను, ఇంగ్లీషు వాక్యాల నడుమ అచ్చయింది. మద్రాసు పేటలో తెలుగు ఎంత విరివిగా వినిపించేదో చెప్పటానికి ఇదొక చిన్న సాక్ష్యం.

తరువాత 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియెయో ఆ పక్షి ప్రజాతికి ‘పిట్ట’ అనే పేరునే శాస్త్రీయ నామంగా స్థిరపరచాడు. మనకు పిట్ట అంటే ఏదైనా చిన్న పక్షి. శాస్త్రానికి మాత్రం అది ఆఫ్రికా నుండి ఆస్ట్రేలియా వరకు వ్యాపించిన నలభైకి పైబడిన జాతుల కుటుంబనామం. ఆ కుటుంబం గురించి ఏ దేశంలో ఎవరు వ్రాసినా, ఏ భాషలో వ్రాసినా, తెలుగు మాట ఒకటి పలుకవలసిందే. బక్లీకి ఆ పేరు చెప్పినవాని పేరు మాత్రం ఆ పుటలకు ఎక్కలేదు.

పొన్నంకి పిట్ట వేసవికి చెందిన పక్షి కావటం విశేషం. శీతకాలమంతా దక్షిణ భారతంలోను, సింహళంలోను గడిపి, ఎండలు ముదిరే వేళకు ఉత్తరంగా కదలి, తొలకరి సమయానికి గూడు కట్టుకుంటుంది. తెలంగాణలోని ఆకురాల్చే అడవులలో మే, జూన్ మాసాల వేకువజామున, సంధ్యవేళ, రెండు పలుకుల స్పష్టమైన ఈల వినిపిస్తే అది దీనిదే. తోక ఉన్నదో లేదో అన్నట్లుండే ఈ చిన్న పక్షి ఒంటిపై ఆకుపచ్చ, నీలం, నలుపు, తెలుపు, గోధుమ వన్నెలు, పొట్టకింద ఎరుపు కనిపిస్తాయి. ఎండుటాకులను ముక్కుతో తిరగవేస్తూ పురుగుల కోసం నేలమీదనే తిరుగుతుంది. రాత్రివేళ ప్రయాణించే పక్షి గనుక, అలసి పట్టణాలలో ఇండ్ల పెరళ్లలో వాలటం కూడ కద్దు.

కరివేపాకులో దాగిన పేరు

సీతాకోకచిలుకల కథ దాదాపు అదే తీరాన మొదలయింది. స్వీడను దేశపు లిన్నేయస్ వద్ద చదువుకున్న యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో డేనిష్ మిషను వైద్యుడుగా తరంగంబాడి చేరాడు. పిమ్మట ఆర్కాటు నవాబు కొలువులోను, 1778 నుండి ఈస్టిండియా కంపెనీ కొలువులోను ప్రకృతి పరిశీలకుడుగా పనిచేశాడు. కోరమాండల్ తీరంలో ఆయన సేకరించిన మొక్కలు, కీటకాలు ఐరోపా చేరాయి. లిన్నేయస్ శిష్యుడే అయిన ఫాబ్రీషియస్ అనేక భారతీయ కీటకాలను శాస్త్రానికి పరిచయం చేసినది కోనిగ్ పంపిన నమూనాల ఆధారంగానే. 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురంలో కోనిగ్ జబ్బుపడి మరణించాడు. సామర్లకోటలో ఉద్యోగిస్తూ, తరువాతి కాలంలో భారతీయ వృక్షశాస్త్ర పితామహుడుగా పేరుగాంచిన విలియం రాక్స్‌బర్గ్ చివరి రోజుల్లో ఆయనకు వైద్యం చేశాడు.

ఆయన పేరును మనం ప్రతిదినం మనకు తెలియకుండానే తలుస్తున్నాం. కరివేపచెట్టు శాస్త్రీయ నామంలోని రెండవ పదం కోనిగ్ స్మృత్యర్థం పెట్టినదే. వేసవిలో ఆ చెట్టు లేత ఆకులపై నల్లని, తెల్లని చారలతో, పక్షిరెట్టను పోలిన చిన్న పురుగు కనిపిస్తే దానిని చంపవలసిన పనిలేదు. కొన్నాళ్లకు అది ఆకుపచ్చగా మారి, గూడుకట్టి, నలుపు పసుపు మచ్చల పెద్ద సీతాకోకచిలుకగా వెలువడుతుంది. నిమ్మ, నారింజ చెట్లపై పెరిగేది కూడ ఇదే.

నెల్లూరులో జెర్డను, విశాఖలో ఇలియట్టు

భారతీయ పక్షి శాస్త్రానికి గట్టి పునాది వేసినవారిలో ముఖ్యుడు థామస్ జెర్డను (1811–1872). 1836లో మద్రాసు చేరిన ఈ సైనిక వైద్యుడు తరువాత నెల్లూరు సివిల్ సర్జనుగా పనిచేశాడు. నెల్లూరు ప్రాంతపు యానాదులతో కలసి తిరిగి, వారి నుండి స్థానిక జీవజాల విశేషాలు తెలుసుకున్నాడు. 1843–47 మధ్య వెలువడిన ఆయన సచిత్ర గ్రంథంలోని పటాలకు రంగులద్దినవారు భారతీయ చిత్రకారులే. 1862–64లో ప్రచురితమైన ‘భారతదేశపు పక్షులు’ అనే గ్రంథంలో వేయికి పైగా జాతులను వర్ణించి, తెలిసినంతవరకు ప్రతి పక్షికీ హిందూస్థానీ, బెంగాలీ, తమిళ నామాలతోపాటు తెలుగు పేరును కూడ చేర్చాడు. ఇంగ్లీషు లిపిలో వికృతంగా కనిపించినా అవి మన నేటివారి తాత ముత్తాతలు పలికిన పేర్లే.

జెర్డను మిత్రుడు సర్ వాల్టర్ ఇలియట్టు (1803–1887) వృత్తిరీత్యా సివిల్ సర్వీసు ఉద్యోగి. అమరావతి స్తూపశిల్పాలను తవ్వి తీయించినవాడుగా చరిత్ర విద్యార్థులకు ఆయన సుపరిచితుడు. ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసిన ఆయన 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అనే పుస్తకం ప్రచురించాడు. సర్కారు జిల్లాలలో సాధారణంగా కనిపించే మొక్కల తెలుగు పేర్లను శాస్త్రీయ నామాలతో జతపరచిన పట్టిక అది. సి.పి. బ్రౌను నిఘంటువుకు 1903లో వెలువడిన సవరించిన కూర్పులో కూడ అనేక పక్షుల పేర్లకు శాస్త్రీయ వివరణ చేరింది. శాసనాన్ని చదివే చూపుతోనే చెట్టును, పిట్టను చూచిన తరం అది.

కొలువు చేస్తూనే ప్రకృతిని గమనించిన ఉద్యోగులు ఇంకా ఎందరో ఉన్నారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం 1883లో ఏర్పడినప్పుడు దాని స్థాపకులలో ఒకడైన ఎడ్వర్డ్ ఐట్కెన్ ఉప్పు, సుంకాల శాఖ అధికారి. తన బంగళా చుట్టూ కనిపించే కాకులు, చీమలు, బల్లులు, సీతాకోకచిలుకలే ఆయన హాస్యరచనలకు పాత్రలు. దూరపు అడవులకు పోయి పులిని వేటాడితేగాని ప్రకృతిని ఎరిగినట్లు కాదనుకునే రోజుల్లో, ఇంటి ఆవరణే చాలునని చూపినవాడు ఆయన. భారతీయ సీతాకోకచిలుకలపై పరిశీలకులకు చేతిపుస్తకంగా ఉపయోగపడిన ప్రసిద్ధ గ్రంథం 1957లో వెలువడగా, దాని రచయిత వింటర్ బ్లైత్ ఒక విద్యాలయపు ప్రధానాచార్యుడు.

తెలుగు ప్రాంతాలను భారతీయులే క్రమబద్ధంగా సర్వే చేయటం సలీం అలీ (1896–1987)తో బలపడింది. చేతిలో ఉద్యోగం లేని రోజుల్లో, ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండానే పనిచేస్తానని ఆయన సంస్థానాలకు ప్రతిపాదించాడు. ఆ విధంగా 1931–32లో హైదరాబాదు సంస్థానపు పక్షి సర్వే జరిగింది. ఫలితాలు 1933–34లో బొంబాయి సంఘపు పత్రికలో అచ్చయ్యాయి. అంతకు కొద్ది ముందు, 1929లో ప్రారంభమైన వెర్నే సర్వే తూర్పు కనుమల పక్షులను నమోదు చేసింది. తెలంగాణ, నల్లమల, విశాఖ మన్యాల పక్షుల గురించి నేడు ఏమి వ్రాయాలన్నా ఈ రెండింటినీ సంప్రదించక తప్పదు.

ఖాళీగా మిగిలిన పుటలు

ఈ గొప్ప కృషిలో ఒక సహజమైన లోటు ఉన్నది. పూర్వపు అధికారులు గుడారాలు వేసుకొని జిల్లాలు తిరిగినది ఎక్కువగా శీతకాలంలో. ఎండలు ముదరగానే వీలున్నవారు కొండపట్టణాలకు తరలిపోయేవారు. మద్రాసు ప్రభుత్వమే పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధం నుండి వేసవిలో ఉదకమండలం చేరేది. నేటి పరిశీలకులలో కూడ చాలామంది వలసపక్షులు నిండుగా ఉండే కార్తికం నుండి ఫాల్గుణం వరకు ఉత్సాహంగా తిరిగి, చైత్రం రాగానే దూరదర్శినులను పెట్టెలో పెడతారు. మైదానపు వేసవిని అప్పుడు, ఇప్పుడు విడువకుండా చూచేది అక్కడే బ్రతికేవారు మాత్రమే.

ఇందుకు భిన్నంగా, మన స్థానిక పక్షులు అనేకం జతకట్టి గూళ్లు పెట్టేది వేసవిలోనే. చెరువులో నీరు తగ్గి బురదనేల బయటపడే కాలంలో తీతువు గులకరాళ్ల నడుమ, రాళ్లను పోలిన మచ్చల గుడ్లు పెడుతుంది. ఎండ తీవ్రత పెరిగినప్పుడు నీటికి పోయి, పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. తీతువు రాత్రి అరిస్తే కీడని మన పల్లెల్లో ఒక నమ్మకం. వాస్తవానికి అది తన గూటి దగ్గరికి మనిషో నక్కో వచ్చిందని చేసే హెచ్చరిక. అపశకునంగా వినబడిన అదే కూత, ఎరిగినవానికి ఇంకొక అడుగు ముందుకు వేయవద్దన్న వినతి.

దసరానాడు దర్శనం శుభప్రదమని మనం వెదకే పాలపిట్ట, మార్చి, ఏప్రిల్ మాసాలలో ఆకాశంలో పల్టీలు కొడుతూ, నీలి రెక్కలు మెరిపిస్తూ జతను పిలుస్తుంది. మోడువారిన తాటిబోదెల తొర్రలు దానికి పురిటిగదులు. 2014లో ఏర్పడిన తెలంగాణ తన రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నది దీనినే. మామిడితోపులో కోకిల కూయటం వసంతానికి స్వాగతమని కవులు అన్నారు. కాకి గూళ్లు కట్టుకునే కాలం దగ్గర పడుతున్నదని పక్షి పరిశీలకుడు అంటాడు, ఎందుకంటే కోకిల గుడ్లు పెట్టేది కాకి గూటిలోనే. వానచినుకుకై ఎదురుచూస్తుందని చెప్పే చాతకం, ఉత్తర, మధ్య భారతానికి నైరుతి ఋతుపవనాలతోపాటు ఆఫ్రికా నుండి వస్తుంది. దక్షిణాన ఏడాది పొడవునా ఉండే వేరొక శాఖ ఉన్నది. కవిసమయానికి, ఋతుచక్రానికి ఉన్న ఈ పొత్తు వేసవి చివరి నడకలలో స్వయంగా చూచి తెలుసుకోదగినది.

పేరులేని రెక్కలు

పక్షులకు ఇన్ని పేర్లు పెట్టిన తెలుగు భాష, సీతాకోకచిలుకలకు మాత్రం విడివిడిగా పేర్లు దాదాపు పెట్టలేదు. చిన్నదైనా, పెద్దదైనా, తెల్లనిదైనా, నీలిదైనా అన్నింటికీ ఒకటే పేరు. కారణం ఊహించటం కష్టం కాదు. పక్షి ఆహారమయింది, శకునమయింది, పంటకు శత్రువో మిత్రమో అయింది. సీతాకోకచిలుక వీటిలో ఏదీ కాలేదు. అవసరమున్న చోటనే భాష పేరు పెడుతుంది. అందం చూచి ఆనందించింది గాని, వేరు చేసి పిలువలేదు.

అయినప్పటికీ ఇలియట్టు పట్టిక వంటివి ఇక్కడ మనకు దారి చూపుతాయి. సీతాకోకచిలుకకు పేరు లేకున్నా, దాని పురుగు తినే మొక్కకు పేరున్నది. జిల్లేడు ఆకులు తిని పెరిగేది నారింజ వన్నె రెక్కల సీతాకోకచిలుక. జిల్లేటిపాలలోని విషం ఒంటబట్టటం వల్ల పక్షులు దానిని ముట్టవు. దానిని అనుకరించి బ్రతికే వేరొక జాతి ఆడది కూడ అదే రంగు వేసుకుంటుంది. ఈశ్వరి తీగ మీద పెరిగేవి ఎర్రని దేహం, నల్లని రెక్కలు గలవి. ఏప్రిల్, మే నెలలలో పసుపుపచ్చని గుత్తులతో రేలచెట్లు పూచినప్పుడు, ఆ ఆకులపైనే పెరిగిన లేతపసుపు సీతాకోకచిలుకలు వాటి చుట్టూ ముసురుతాయి. మొక్క తెలిస్తే రెక్క తెలుస్తుంది. పెరటి వైద్యపు మొక్కలు ఎరిగిన మన అమ్మమ్మలకు ఈ విద్యలో సగం వచ్చినట్లే.

ఒక్క నామవిశేషం చెప్పుకోవాలి. నల్లని రెక్కలపై లేతనీలి మచ్చలున్న సీతాకోకచిలుకల ప్రజాతికి 1880లో ఫ్రెడరిక్ మూర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ‘తిరుమల’ అనే పేరు పెట్టాడు. మే మాసం చుట్టుపట్ల, నైరుతి వానలు పశ్చిమ కనుమలను తాకే తరుణంలో, ఈ జాతులు గుంపులు గుంపులుగా తూర్పు మైదానాల వైపు, తూర్పు కనుమల వైపు తరలి వస్తాయి. వాటి సంతతి అక్టోబరు, నవంబరు ప్రాంతంలో తిరుగుముఖం పడుతుంది. మైదానంలో వేసవి నడక అలవాటున్నవానికి, ఒకే దిక్కుగా సాగే ఆ నీలిమచ్చల బారులు ఎదురుపడవచ్చు. ఎండిన వాగులో చెమ్మ మిగిలిన ఇసుకపై పదుల సంఖ్యలో వాలి రెక్కలు మూసుకున్న సీతాకోకచిలుకలను కూడ ఈ కాలంలోనే చూడవచ్చు. అవి ఎక్కువగా మగవి, తడిమన్నులోని లవణాలను పీలుస్తుంటాయి.

కలివికోడి చెప్పే పాఠం

ఇప్పుడు మన కథ రెండవ కొసకు వద్దాం. కడప, నెల్లూరు సీమల కొండదిగువ చిట్టడవులలో జెర్డనుకు దొరికిన ఒక అరుదైన పక్షిని 1848లో కలకత్తా మ్యూజియం అధిపతి బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మెడ కింద రెండు పట్టీలు గల ఆ పక్షి తరువాత గోదావరి లోయలోను, 1900లో అనంతపురం ప్రాంతంలోను కనిపించింది. ఆ పైన జాడలేదు. 1970లలో వెదకినా దొరకలేదు. అది అంతరించి ఉండవచ్చునని గ్రంథాలు వ్రాశాయి.

బొంబాయి సంఘపు పరిశోధకులు 1985లో మళ్లీ అన్వేషణ ప్రారంభించి, బొమ్మలు చేతబట్టి పల్లె పల్లె తిరిగారు. ఈసారి వారు వెదకినది పక్షిని మాత్రమే కాదు, దానిని ఎరిగిన మనుషులను. కడప జిల్లా రెడ్డిపల్లి సమీపాన 1986 జనవరిలో ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో ఆ పక్షిని పట్టుకోగలిగాడు. అది రాత్రి మాత్రమే తిరిగే పక్షి కావటంచేత పగటి పరిశీలకులకు అన్ని దశాబ్దాలు దొరకలేదు. స్థానికులకు అది కొత్తది కాదు. వారు దానిని కలివికోడి అనేవారు. కలివి అంటే ఆ నేలలో పెరిగే ముళ్లపొద. పక్షి ఎక్కడ ఉంటుందో ఆ పేరే చెబుతున్నది. శాస్త్రం ఎనభై ఆరేళ్లు వెదకిన చిరునామా రెండు తెలుగు మాటల సమాసంలో భద్రంగా ఉన్నదన్నమాట.

తదనంతరం ఆ ప్రాంతంలో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ మార్గాన్ని ఈ పక్షి ఆవాసం కొరకు మార్చవలసి వచ్చింది. అయినా 2009 తరువాత ఏళ్ల తరబడి నమ్మదగిన ఆధారమేదీ లభించలేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో దాని కూతను మళ్లీ నమోదు చేయటంతో ఆశ చిగురించింది. చిట్టడవిని పనికిరాని బీడుగా లెక్కించే అలవాటు మారకపోతే ఆ ఆశ నిలువదు. మన భూమి లెక్కలలో బంజరు అని వ్రాసిన చోట ఒక జాతి యావత్తు సంసారం ఉండవచ్చునని కలివికోడి గుర్తు చేస్తున్నది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ పక్షులను పట్టటాన్ని, అమ్మటాన్ని నిషేధించాయి. ఆ నిషేధం సర్వదా సమంజసం. కాని వల పక్కన పెట్టిన కుటుంబాలలో, వలతోపాటు తరతరాల ఎరుక కూడ పక్కకు పోతున్నది. కూత విని పక్షిని చెప్పగలిగిన ముసలివారు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారు. వారి పిల్లలు బడికి, పట్టణానికి పోవటం హర్షణీయమే. అయితే వారి తాతల నోట ఉన్న పేర్లను ఎవరు వ్రాసి పెడతారు? చట్టం పక్షిని కాపాడుతుంది. పేరును కాపాడే చట్టమేదీ లేదు.

నడకకు ఒక పుస్తకం

ఈ పనికి విశ్వవిద్యాలయాల అనుమతి అక్కరలేదు. హైదరాబాదులో 1980లో ఏర్పడిన పక్షి పరిశీలకుల సంఘం తన వార్తాపత్రికకు ‘పిట్ట’ అని పేరు పెట్టుకొని, సామాన్యుల గమనికలకు చోటిచ్చింది. దేశవ్యాప్తంగా ఈ తరహా కృషి ఎంత పెరిగిందంటే, ‘భారతదేశపు పక్షుల స్థితి’ అనే 2023 నివేదిక దాదాపు 30,000 మంది పరిశీలకులు నమోదు చేసిన సుమారు 3 కోట్ల గమనికల ఆధారంగా 942 జాతుల స్థితిగతులను అంచనా వేయగలిగింది. ఒకనాడు ఒక జెర్డను, ఒక సలీం అలీ తిరిగి సేకరించిన సమాచారాన్ని నేడు వేలమంది తమ ఊరి నడకలతో నింపుతున్నారు. ఎండాకాలపు పల్లె నడకలు అందులో ఎంత చేరితే అంత మేలు.

సూర్యోదయానికి ముందు బయలుదేరి, ఎండ చురుక్కుమనే లోపల తిరిగి వచ్చే గంటన్నర నడక చాలు. పక్షులు వేకువలో చురుకుగా ఉంటాయి. సీతాకోకచిలుకలు సూర్యుడు కాస్త పైకెక్కి రెక్కలు వెచ్చబడిన తరువాత లేస్తాయి. అందువల్ల వెళ్లేటప్పుడు చెట్ల మీద చూపు, వచ్చేటప్పుడు పొదల మీద చూపు అనుకుంటే సరిపోతుంది. చెరువుగట్టు, తాటితోపు, మామిడితోట, ఊరిబయటి బీడు, ఎండిన వాగు, ఈ ఐదింటిలో ఏ ఒక్కటైనా వారం వారం అదే చోట చూడటం, పది కొత్త చోట్లు ఒక్కొక్కసారి చూడటంకంటె ఎక్కువ ఫలితమిస్తుంది. గూటి దగ్గరికి పోరాదు, గుడ్లు ముట్టరాదు అని వేరే చెప్పనవసరం లేదు.

చేతిలో ఒక చిన్న నోటు పుస్తకం ఉండాలి. తేదీ, వేళ, చోటు, చూచిన జీవి, అది వాలిన చెట్టు, చేస్తున్న పని వ్రాయాలి. వీటితోపాటు రెండు గడులు అదనంగా గీసుకోవలసిందని ఈ వ్యాసకర్త మనవి. మొదటిది, ఆ ఊరివారు దానిని పిలిచే పేరు. అది తెలుగు లిపిలో, వారు పలికినట్లే ఉండాలి. ఒకే పిట్టకు శ్రీకాకుళంలో ఒక పేరు, పాలమూరులో ఇంకొక పేరు ఉంటే రెండూ వ్రాయదగినవే. రెండవది, ఆ పేరు చెప్పినవారి పేరు, వారి అనుమతితో. 1713 నాటి పుస్తకంలో పొన్నంకి పిట్టకు చోటు దొరికింది గాని, దానిని అలా పిలిచి చూపిన తెలుగువానికి దొరకలేదు. జెర్డను గ్రంథంలో తెలుగు పేర్లు దొరుకుతాయి గాని, ఆ పేర్లను పలికిన నోళ్లు దొరకవు. మూడు వందల ఏళ్లుగా ఖాళీగా ఉన్న ఆ గడిని నింపటం ఇప్పుడు ప్రతి పరిశీలకుని చేతిలోను ఉన్న పని. రాబోయే శతాబ్దంలో ఎవరైనా మన ఊరి వేసవి గురించి వ్రాయబూనితే, వారికి పిట్ట పేరు, చెట్టు పేరు, వాటిని ఎరిగిన మనిషి పేరు ఒకే పుటలో లభించాలి.